నీ వంతు కూడా నేనే ఆడేశా

టీ వడకట్టిన పిప్పిని ఆమె పారెయ్యదు. పాత పళ్ళెంలో పల్చగా పరిచి కిటికీ గట్టు మీద ఎండబెడుతుంది. ఎండాక అరచేతుల మధ్య నలిపి జల్లిస్తే, పైన నిలిచిన ముతక పొడి అడవిలో రాలిన ఆకుల్లా ఉంటుంది; కిందికి దిగిన మెత్తటి పొడి తడి మన్నులా ఉంటుంది. ఒక శనివారం ఆమె జల్లెడ ఆడిస్తూ ఉంటే అత్తగారు గుమ్మంలో నిలబడి చూసి, “అందరిళ్ళల్లో పిండి జల్లిస్తారు, మా ఇంట్లో చెత్త జల్లిస్తారు. ఇంకా నయం, మా కంచాల్లో వడ్డించట్లేదు” అంది. ఆవిడ మాటలు అంతే, సగం ఎత్తిపొడుపు, సగం నవ్వు. ఏ సగానికి జవాబు చెప్పాలో తెలియక ఆమె ఎప్పుడూ నవ్వి ఊరుకుంటుంది.

ఆ చెత్తే ఆదివారానికి అడవి అవుతుంది. ఆమె భర్తకి యుద్ధాల పిచ్చి. జన్మలో ఒక బొద్దింకని కూడా చంపి ఎరగడు. అది కనిపిస్తే కుర్చీ ఎక్కి భార్యని పిలుస్తాడు. అయినా ఆదివారం వచ్చిందంటే అతని చేతికింద ఒక సైన్యం ఉంటుంది. వేలి కణుపంత సైనికులు, భోజనాల బల్లంత యుద్ధభూమి, దూరాలు కొలవడానికి టేపు, చావుబతుకులు తేల్చడానికి పాచికలు. ఆడటానికి ఇద్దరు స్నేహితులు వస్తారు. ఒకాయనకి నీళ్ళ మోటార్ల కొట్టుంది. కొట్లో కంటే ఇక్కడే ఎక్కువ ఆజ్ఞలు జారీ చేస్తాడని ఆయనకి సేనాపతి అని పేరు. రెండో ఆయన కాలేజీలో చరిత్ర చెప్పే లెక్చరరు. ఓడిపోయిన ప్రతిసారీ అసలు చరిత్రలో ఇలా జరగలేదని వాదిస్తాడు.

ఆమె పనిచేసేది కట్టుడుపళ్ళు తయారుచేసే ల్యాబులో. పన్ను తెల్లగా ఉంటుందని అందరూ అనుకుంటారు గానీ, చిగుళ్ళ దగ్గర కాస్త పసుపు, నడుమ పాలరంగు, అంచుకి వచ్చేసరికి గాజులాంటి నీలం. ఆ రంగుల్ని వెంట్రుకంత కుంచెతో పొరలు పొరలుగా ఎక్కించడం ఆమె పని. ఒకసారి ఎంతో కష్టపడి ఒకావిడకి ముందుపన్ను చేసింది. అది ఆవిడకి నచ్చిందో లేదో కనుక్కోవాలనిపించి సూపర్‌వైజరుని అడిగితే ఆయన నవ్వాడు. “ఎవరు చేశారని ఎవరైనా అడిగారంటే మనం సరిగ్గా చెయ్యలేదని అర్థమమ్మా. మన పని కనిపించకూడదు.” ల్యాబుకి మాత్రమే చెప్పిన మాట అది. ఇంటికీ అదే వర్తిస్తుందని ఆమెకి అప్పట్లో తోచలేదు.

పెళ్ళైన కొత్తలో భర్త ఒక సైనికుడికి రంగు వెయ్యబోతే కళ్ళు బుగ్గల మీదికి జారాయి. “ఇటివ్వండి” అని ఆమె కుంచె తీసుకుంది. కళ్ళు కళ్ళ చోటికి వచ్చాయి; వాటికింద నిద్రలేని నీడ, గడ్డం మీద మాసిన నీలం కూడా వచ్చాయి. భర్త ఆ బొమ్మని వెలుగుకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. “నీ చేతిలో ఏదో ఉందే!” అన్నాడు. ఆ ఒక్క మాట మీద ఆమె ఏళ్ళు గడిపింది. ఒక సైన్యం అయ్యాక ఇంకో సైన్యం, సైన్యాలయ్యాక వాటికి పోరాడటానికి చోటు. కరెంటు తీగలు పేని చెట్లు చేసింది. కొబ్బరిపీచుతో ఊడలు దించింది. వార్నిష్ పోసి వాగు పారించింది. ల్యాబు నుంచి వచ్చి, వంట చేసి, అత్తగారి మోకాళ్ళకి కాపడం పెట్టి, మిగిలిన పొద్దులో ఆ అడవి పెంచింది. అతను తనతో ఉండమంటున్నాడనుకుంది ఆమె. తను చేసిపెడితే చాలనుకున్నాడని తెలియడానికి చాలాకాలం పట్టింది.

అయినా ఆ అడవంటే ఆమెకి ప్రాణం. ఎవరూ లేనప్పుడు గడ్డం బల్లకి ఆనించి, ఒక కన్ను మూసి, చెట్ల నడుమ నుంచి లోపలికి చూస్తుంది. అక్కణ్నుంచి చూస్తే అవి తీగలూ పీచూ కావు. వాగు పక్కన తడి మన్ను మీద ఒక మనిషి పట్టేంత దారి ఉంటుంది. ఆ దారిన చేతిలో సంచీ లేకుండా, తిరిగి ఎన్నింటికి రావాలన్నది లేకుండా, వెనకనుంచి ఎవరూ కేకెయ్యకుండా నడిచిపోతే ఎక్కడికి చేరతానో అనుకునేది. ఆ అనుకోవడానికి అంతుండేది కాదు. కుక్కరు కూత పెట్టేది.

రంగు ఆరేలోగా ఆట నియమాల పుస్తకం చదివేది. చదవగా చదవగా మొత్తం వచ్చేసింది. ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఈలోగా ఇంకోటి కూడా కనిపెట్టింది. పనున్నప్పుడు భర్త నోట ‘మనం’ వస్తుంది: “ఆదివారానికి మనం ఇంకో గుట్ట కట్టాలి”, “మన చెట్లు కాస్త పల్చబడ్డాయి.” ఆదివారం వచ్చేసరికి అది ‘మేం’ అయిపోతుంది: “మేం ఆడుకుంటాం, కాస్త టీ పంపించు.” రెండూ చిన్న మాటలే. ఒకదాంట్లో ఆమె ఉంటుంది, రెండోదాంట్లో ఉండదు. ఒకసారి టీలు అందిస్తూ నోరు జారి, “వాగు వెంబడి వెళ్తే వాళ్ళకి కనపడరు కదా” అంది. ముగ్గురూ తలెత్తారు. భర్త నవ్వాడు. “యుద్ధం సంగతి మేం చూసుకుంటాంలే, నువ్వు బిస్కెట్ల సంగతి చూడు.” అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. కాసేపటికి సేనాపతి తన సైన్యాన్ని వాగు వెంబడే నడిపించి గెలిచాడు. ఆ ఎత్తు ఎక్కడిదని ఎవరూ అడగలేదు. ఎవరూ అడగలేదంటే పని సరిగ్గా జరిగిందన్నమాటే.

ఇలా ఉండగా ఒక ఆదివారం సేనాపతి మెట్ల మీద కాలు బెణికి రాలేకపోయాడు. ఆరోజు ఆటలో గుట్ట మీది కోట లెక్చరరుది. దాన్ని రెండువైపుల నుంచి రెండు సైన్యాలు ముట్టడించాలి. రెండో సైన్యానికి మనిషి లేడు. భర్త అటూ ఇటూ చూసి, “నువ్వు కూర్చో. ఎక్కడ జరపాలో నేను చెప్తుంటాను, నువ్వు ఊరికే జరుపుదువుగాని” అన్నాడు. ఆమె లోపలికి వెళ్ళి చేతులు కడుక్కుంది. తల దువ్వుకుంది. మళ్ళీ చేతులు కడుక్కుంది. తన ఇంట్లో, తన బల్ల ముందు కూర్చోవడానికి ఇంత ముస్తాబవడం చూసి తనకే నవ్వొచ్చింది.

భర్త కుడివైపు జరపమన్నాడు. ఆమె జరపలేదు. సైనికులందర్నీ వాగులోకి దించి, ఊడల వెనక ఆపేసింది. మళ్ళీ వంతు వచ్చింది, కదపలేదు. “ఏం, భయమా?” అన్నాడు భర్త. “ఉండనివ్వండి” అంది. లెక్చరరు ఆమెవైపు దండయాత్ర లేదనుకుని కోట కాపలాని భర్తవైపు తిప్పాడు. ఇక మిగిలింది ఒక్కటే. తన వంతు రాగానే ముందున్న సైనికుణ్ని నీళ్ళలోంచి గట్టు మీదికి ఎత్తిపెట్టాలి. ఆ బరువు అప్పుడే ఆమె వేళ్ళ కొసల్లో ఉంది.

లోపలి గదిలోంచి అత్తగారు పిలిచింది. “అమ్మాయ్, ఆ వేడినీళ్ళ సంచీ ఓసారి…”

ఆమె భర్త వంక చూసింది. అతను బల్ల వంక చూస్తూనే, “అమ్మ పిలుస్తోంది” అన్నాడు.

నీళ్ళు కాచి, సంచీలో పోసి, ఆవిడ మోకాలి కింద సర్ది, పరుగులాంటి నడకతో తిరిగి వచ్చేసరికి ఆమె సైనికులు కోటలో ఉన్నారు. భర్త ముఖం వెలిగిపోతోంది. “నీ వంతు కూడా నేనే ఆడేశాలే. చూడు, గెలిచాం!” లెక్చరరు అతని చెయ్యి పట్టుకుని ఊపేస్తున్నాడు. “అంతసేపు వాగులో దాచిపెట్టి కూర్చోవడం మాటలు కాదు గురూ! ఎప్పుడు తట్టింది నీకీ ఎత్తు?” భర్త ఆమె వంక ఒక్క క్షణం చూశాడు. ఆ క్షణంలో చాలా చెప్పొచ్చు. “ఏదో అలా తట్టింది” అన్నాడు.

ఆమె కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళింది. కుళాయి కింద చేతులు పెట్టి నిలబడితే అర్థమైంది, బాధ గెలుపు గురించి కాదు. గెలుపు అతనే ఉంచుకోనీ. ఆ బొమ్మని నీళ్ళలోంచి ఎత్తి గట్టు మీద పెట్టే ఆ చిన్న కదలిక, అది కావాలి తనకి. చచ్చేంత కావాలి. అంత చిన్నదాని కోసం ఒళ్ళంతా ఇలా కొట్టుకుపోతుంటే ఎవరికి చెప్పుకుంటుంది?

భర్తకే చెప్పి చూసింది, సామాన్లు సర్దేటప్పుడు. “నా వంతు నాకు ఉంచాల్సింది.”

“అదేంటి, గెలిపించాను కదా!”

“నేను ఆడాలనుకున్నాను.”

“పాచికలు ఎవరు వేస్తే ఏముంది? చిన్నపిల్లలా మాట్లాడతావేంటి.” అని ప్రేమగానే తల మీద చెయ్యేశాడు. అతను చెడ్డవాడు కాదు. ఆ సంగతే ఆమెకి ఎక్కువ కష్టంగా ఉండేది. చెడ్డవాడైతే కోపం తెచ్చుకోవడానికి ఒక పిడి దొరికేది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఆటగాళ్ళ వార్షిక సమావేశం వచ్చింది. చాలా క్లబ్బులవాళ్ళు ఒక పెద్ద హాల్లో కలుసుకుంటారు. అడవిని ముక్కలుగా విప్పి తీసుకెళ్ళి అక్కడ మళ్ళీ అతకాలి. ఏ ఊడ ఏ కొమ్మదో భర్తకి తెలియదు కాబట్టి, “నువ్వు కూడా రావాలి” అన్నాడు. అత్తగారు ఏమంటుందోనని ఆమె జంకింది. ఆవిడ కాసేపు కోడలి ముఖంలోకి చూసి, “వెళ్ళు. నా మోకాళ్ళు ఎక్కడికీ పారిపోవు, సాయంత్రం వచ్చాక కూడా ఇక్కడే నొప్పెడుతుంటాయి” అంది.

హాలు గుమ్మం దగ్గర బ్యాడ్జీలు ఇచ్చే అమ్మాయి, “ఆడటానికా, చూడటానికా?” అని అడిగింది. “నేను ఆడటానికి. తను చూడటానికి” అన్నాడు భర్త. ఆ అమ్మాయి ఒకరికి పచ్చ బ్యాడ్జీ, ఒకరికి తెల్ల బ్యాడ్జీ ఇచ్చింది.

అడవి నిలబడ్డాక జనం మూగారు. ఫొటోలు తీశారు. తెల్ల జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఒకావిడ అందరూ వెళ్ళేదాకా ఆగి, మెల్లగా వంగి, గడ్డం బల్లకి ఆనించి, ఒక కన్ను మూసి లోపలికి చూసింది. ఆమెకి తన ఇంటి తలుపు ఎవరో నెమ్మదిగా తట్టినట్టు అనిపించింది.

“ఎవరు చేశారండీ ఇది?”

“నేనేనండి” అన్నాడు భర్త. “అంటే, ఇంట్లోవాళ్ళు కూడా ఓ చెయ్యి వేశారనుకోండి.”

ఆమె తన చేతులు చూసుకుంది. గోళ్ళ కింద ఇంకా పచ్చరంగు ఉంది. భర్త తన ఆటకి వెళ్ళిపోయాక గుమ్మం దగ్గరికి నడిచింది. తెల్ల బ్యాడ్జీ విప్పి ఆ అమ్మాయి ముందు పెట్టి, “ఆడటానికి” అంది. ఏదో ఒక ప్రశ్న వస్తుందని, ఎవరో ఒకరు నవ్వుతారని ఎదురుచూసింది. ఆ అమ్మాయి పచ్చ బ్యాడ్జీ అందించి, మూల బల్ల చూపించి, “సైన్యం తెచ్చుకున్నారా?” అని మాత్రం అడిగింది. ఆమె లేదనేసరికి, క్లబ్బు పెట్టెలోంచి రంగు వెయ్యని బూడిదరంగు బొమ్మలు తీసిచ్చింది. వాటికి ఇంకా కళ్ళు లేవు.

మూల బల్ల దగ్గర కూర్చున్నది ఆ తెల్ల జుట్టావిడే. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యానని చెప్పింది. ఇంకేమీ అడగలేదు. తన బొమ్మల్ని జరిపింది, పాచికలు వేసింది, లెక్క చూసుకుంది. తర్వాత రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, “మీ వంతు” అంది.

అని, ఆగింది. తొందరపెట్టలేదు, దారి చూపించలేదు, పక్కకి కూడా చూడలేదు. తన కోసం ఒక మనిషి అలా ఖాళీ చేతులతో ఆగి ఉండటం ఆమె జీవితంలో ఎప్పుడూ చూడలేదు. బల్లంతా ఎదురుగా పరుచుకుని ఉంది. ఎటైనా వెళ్ళొచ్చు. ఆ ఎటైనా అన్నది ఇంత పెద్దగా ఉంటుందని ఆమె అనుకోలేదు.

ఎంతసేపైందో, భుజం వెనక భర్త గొంతు వినిపించింది. అతని ఆట అప్పుడే అయిపోయినట్టుంది. “ఇక్కడున్నావా! నేను హాలంతా వెతుకుతున్నాను. పద, అడవి విప్పి సర్దాలి, ఆలస్యమవుతుంది.” ఆమె కదలకపోయేసరికి బల్ల మీదికి వంగి చూశాడు. “ఓ, ఇదా. ఎడమవైపు జరుపు, అయిపోతుంది. ఎడమవైపు.” అతని చెయ్యి అలవాటుగా ముందుకి వచ్చింది.

ఆమె ఆ చేతిని మెత్తగా పట్టుకుని, బల్ల మీంచి పక్కకి తప్పించి, వదిలేసింది.

“మీరు ఇంటికి వెళ్ళండి” అంది. “నేనింకా ఆలోచించుకోవాలి.”