రొట్టెల బట్టీ గుమ్మానికి నల్ల రిబ్బను

ఆదివారం పొద్దున్నే తలుపు తీసిన నికానోరాకు ద్వారబంధానికి వేలాడుతున్న నల్ల రిబ్బను కనిపించింది. చావు రిబ్బను. ఆ ఇంట్లో ఎవరూ చనిపోలేదు. ఉన్నదే తను ఒక్కతె.

హోటల్ మొదలుపెట్టేది ఇవాళే. పాత రొట్టెల బట్టీని కొని, మసి కడిగి, తలుపులకూ గోడలకూ నీలం రంగు వేయించింది. ఒంటరిగా వచ్చినవాళ్ళు కూడా ఒకరి పక్కన ఒకరు కూర్చునేలా ఒకటే పొడుగు బల్ల చేయించింది. ఇది నడవకపోతే మళ్ళీ బ్యూనస్ ఎయిర్స్ వెళ్ళి ఎవరివో గిన్నెలు తోమాలి.

రిబ్బను విప్పబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. పునాటా ఊరి ఆచారం ప్రకారం దాన్ని కట్టినవాళ్ళే విప్పాలి.

వేరుసెనగ సూప్ ఉడికింది. చర్చి వదిలారు. జనం గుమ్మం దగ్గర టోపీలు తీశారు, గొంతులు తగ్గించారు, దాటిపోయారు. చావింట్లో డబ్బిచ్చి ఎవరు తింటారు?

కూరగాయలమ్మే ఫెలీపా మాత్రం ఆగి కౌగిలించుకుంది.

"ఎవరు పోయారే తల్లీ?"

"ఎవరూ పోలేదక్కా. నా హోటలే పోయేట్టుంది."

"ఊరుకో. చావుతో వేళాకోళమా?" ఫెలీపా శిలువ గుర్తు వేసుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి సూప్ మీద తెట్టు కట్టింది. ఖాళీ బల్ల దగ్గర కూర్చోలేక నికానోరా బయటికొచ్చి రిబ్బనును పరీక్షగా చూసింది. అది ఒక పాత మేకుకు కట్టి ఉంది. రంగు కింద మునిగిపోయిన ఆ మేకు సంగతి తనకే తెలియదు. వేడి రొట్టెలు తయారయ్యాయని ఒకప్పుడు తెల్లగుడ్డ వేలాడదీసింది అక్కడే అయ్యుండాలి.

బట్టీ అమ్మిన ముసలి సబీనో ఎదురింట్లోనే ఉంటాడు. నికానోరా గిన్నెడు సూప్ తీసుకెళ్ళి అతని ముందు పెట్టింది.

"రంగు కింద ఆ మేకు ఎక్కడుందో మీకు తప్ప ఎవరికీ తెలీదు, దోన్ సబీనో. నా మీద ఏంటి కోపం?"

ముసలాయన చెంచా ముట్టుకోలేదు.

"నీ మీద కోపమేంటమ్మా. నేనే కట్టాను. నా భార్య ఎర్మినియా పట్నం ఆసుపత్రిలో పోతే అక్కడే పాతిపెట్టి వచ్చా. వచ్చేసరికి వీధంతా రొట్టెల కోసం నిలబడి ఉంది. నల్ల రిబ్బను కట్టాల్సిన చోట తెల్లగుడ్డే కట్టాను. ఆవిడేదని అడిగితే పట్నంలోనే ఉందన్నా. అబద్ధం కాదుగా. ఇన్నేళ్ళూ దాని కోసం ఒక్కరూ టోపీ తీయలేదు. నువ్వు మసి కడిగేస్తుంటే, ఇంక ఎర్మినియా గుర్తు కూడా అక్కడ ఉండదనిపించింది. జనం ఒక్క పూట దాని కోసం టోపీ తీస్తే చూద్దామనుకున్నా. చూశాను. నీ బల్ల ఖాళీగా ఉంటుందని తట్టలేదు. పద, నేనే విప్పుతా."