చూసినట్టు పెట్టిన టిక్కు

ఆర్లిస్ యాభయ్యో తూటా గొట్టంలో తుపాకిమందు పోసి, డబ్బా మూత బిగించి, తీసుకెళ్ళి అలమరలో పెట్టేశాడు. బల్ల మీద ఎప్పుడూ ఒక్క రకం మందే ఉండాలి, అదీ పోస్తున్నంతసేపే. సిగరెట్టు సంగతి సరేసరి, కాఫీ కప్పు కూడా ఈ గది గుమ్మం దాటి రాకూడదు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఇవే చట్టాలు. అతని భార్య డెల్ఫా మాత్రం, "మన పెళ్ళి ప్రమాణాలైనా ఇంత గట్టిగా పాటించలేదు మహానుభావుడు" అంటుంది.

అమెరికాలోని మోంటానా గోధుమ నేలలో, ధాన్యం గోదాము కాటా దగ్గర ముప్ఫై నాలుగేళ్ళు లారీలు తూచిన మనిషి. బక్కపలచటి ఒళ్ళు, వంగిన మెడ, కుడి బొటనవేలి గోరు కింద ఎప్పటికీ పోని నలుపు. ఊళ్ళో సగంమందికి అతను కిటికీ అద్దం వెనక ముఖం మాత్రమే, పేరు తెలియదు. పాపం, దానికి అతనేమీ బాధపడలేదు. కాల్చేసిన గొట్టాలు ఏరుకొచ్చి, ఇంట్లో మళ్ళీ తూటాలు చేసి, వాటిలో ఒక్కటీ తప్పు పోలేదన్నదే అతని గర్వం. ఆ గర్వం మాత్రం బోలెడు.

రివాల్వర్ తూటాకి మందు చిటికెడే. గొట్టంలో సగం కూడా నిండదు. పొరపాటున ఒకదానిలో రెండుసార్లు పోసినా పొంగి బయటపడదు, పైకేమీ తెలియదు. కాల్చినవాడి చేతిలోనే తుపాకి పగులుతుంది. అందుకే గుండ్లు బిగించే ముందు యాభై గొట్టాల్లోకీ టార్చిలైటు వేసి చూడాలి. చూశాక పెట్టె చీటీ మీద టిక్కు పెట్టాలి.

టార్చి నొక్కాడు. వెలగలేదు. అరచేతిలో కొట్టాడు. ఊహూఁ. వెనక మూత విప్పితే బ్యాటరీలు ఉబ్బి, తెల్లగా పొడి కట్టి, స్ప్రింగుకి అతుక్కుపోయి ఉన్నాయి. అది ఇవాళ్టిది కాదు. వారాల నాటిది.

మరి నిన్న చేసిన యాభై తూటాలూ దేంతో చూసినట్టు?

టిక్కు పెట్టాడు. పెన్సిలు చెక్కుకున్నది కూడా గుర్తుంది. చూసినది మాత్రం ఎంత తవ్వినా గుర్తుకు రాలేదు. ఆ పెట్టె నిన్న సాయంత్రమే స్నేహితుడు మెర్ల్ పట్టుకుపోయాడు. ఇవాళ శనివారం, పొద్దున్నే మెర్ల్ కంకర గుంత దగ్గర డబ్బాలకి గురిపెట్టి కాలుస్తుంటాడు. ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయింది.

"ఎక్కడికయ్యా, చొక్కా గుండీలైనా పెట్టుకోకుండా?" అంది డెల్ఫా.

"మెర్ల్‌ని చంపేశానేమో చూసొస్తా."

ఏడు మైళ్ళు. గుంత దగ్గర బండి దిగి తలుపు వేస్తుండగా తుపాకి చప్పుడు ఒకటి వినిపించింది. ఆర్లిస్ పరుగెత్తాడు, డెబ్బై మూడేళ్ళవాడు.

మెర్ల్ చెవుల మీది కప్పులు తీసి తేరిపార చూశాడు. "ఏంట్రా, కుక్కలు తరిమాయా?"

"కింద పెట్టరా దాన్ని! ఎన్ని కాల్చావు?"

"ఇదే బోణీ. డబ్బాకి తగల్లేదు, అదేగా నీ ఏడుపు?"

ఆర్లిస్ తుపాకి అందుకున్నాడు. అందులో మిగిలిన తూటాలు కూడా తీసి పెట్టెలో వేసుకున్నాడు. నలభై తొమ్మిది. సంగతంతా చెప్పాడు. చెబుతుంటే సిగ్గుతో చెవులు మండిపోయాయి.

ఇంటికొచ్చి ఇద్దరూ కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చున్నారు. తూటాని సుత్తిలాంటి పనిముట్టులో బిగించి చెక్కమీద కొడితే గుండూ మందూ ఊడి పడతాయి. ఆర్లిస్ కొట్టాడు, మెర్ల్ ప్రతిదాని మందూ తూచి అంకె పైకి చదివాడు. మధ్యలో డెల్ఫా గుమ్మం అవతల నిలబడి సూపు తాగమని పిలిచింది. ఎవరూ లేవలేదు. మూడు గంటలకి నలభై తొమ్మిదోది ఊడింది.

"అన్నీ సమానం రా! వెంట్రుకవాసి తేడా లేదు," మెర్ల్ ఒళ్ళు విరుచుకున్నాడు. "అనవసరంగా నా శనివారం తగలేశావు. రేపు మళ్ళీ నింపి ఇవ్వు."

"నింపను."

"తప్పేం జరగలేదు కదరా."

"జరగలేదని నీ తక్కెడ చెప్పింది. నాకు తెలియలేదు. నేను చూడకుండానే నా చెయ్యి టిక్కు పెట్టేస్తోంది మెర్ల్. ఎన్ని వారాలనుంచో. అవన్నీ నువ్వు కాల్చేశావు, నీ అదృష్టం బాగుంది." ఏడ్చాడు, దాచుకోలేదు.

మెర్ల్ మళ్ళీ వేళాకోళం ఆడలేదు. ఆర్లిస్ తనే రెంచి పట్టి తూటాలు బిగించే చేతిమరని బల్లమీంచి విప్పాడు. పొద్దున పోసిన యాభై గొట్టాల్నీ ఖాళీ చేశాడు. మందుడబ్బాల చీటీలు ఒక్కొక్కటే చదివి, మూతలు సరిచూసి, అన్నీ మెర్ల్‌కి ఇచ్చేశాడు.

"ఇకనుంచి నువ్వే చేసుకో. మందు డబ్బాలు ఒకటొకటిగా బల్ల మీదకి తియ్యి. తొందరపడకు. టార్చి కొత్తది కొనుక్కో."

"సరే నాయనా."

మెర్ల్ బండి మలుపు తిరిగేదాకా ఆర్లిస్ వాకిట్లోనే నిలబడ్డాడు. తర్వాత సబ్బుతో మోచేతులదాకా కడుక్కుని, వెచ్చచేసిన సూపు తాగాడు. డెల్ఫా అతని భుజం మీద చెయ్యి వేసి కాసేపు ఉంచింది.

బల్ల తుడవడానికి లోపలికెళ్ళినామెకి, మెర్ల్ జేబులోంచి తీసి పెట్టి మరిచిపోయిన గొట్టం ఒకటి కనిపించింది. పొద్దున గుంత దగ్గర కాల్చిన ఆ ఒక్కటే. ఎక్కడా చీలిక లేకుండా, మూతి దగ్గర కాస్త మసితో, ఇత్తడి నిగనిగలాడుతూ నిలబడి ఉంది.