అరచేయంత గరుకు

బరంపురంలో కుక్కలకు స్నానం, కటింగ్ చేసే లోకనాథ్ గారి షాపులో చేరి నాలుగు నెలలైంది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. జువాలజీ చదివి కుక్కల బొచ్చు తీస్తున్నావేటి అని మా ఊరు గిరిసోలలో నవ్వారు. నవ్వనీ అనుకున్నాను.

వేసవి మొదట్లో గోసాని నువాగాం టోకు వ్యాపారి ఢిల్లీశ్వరరావు గారు తన వేటకుక్క శేరూని తెచ్చారు. దానికి గడ్డం, గుబురు కనుబొమలు ఉన్నాయి. ఒంటిమీద బొచ్చు మాత్రం దూదిలా ఉంది. ఖల్లికోట పొలానికి వెళ్లినప్పుడల్లా పల్లేరుకాయలు అంటుకుని, తడి ఆరక ఒళ్లు పుళ్లు పడుతోందట.

"మొత్తం మిషన్‌తో గీసీమ్మా," అన్నారు.

"వద్దు బాబుగారూ. ఈ జాతికి పైబొచ్చు తీగలా గరుకుగా ఉండాలి. నీళ్లనీ ముళ్లనీ ఆపేది అదే. ఇదివరకు మిషన్ పెట్టించి ఉంటారు, అందుకే మెత్తబడింది. పండి ఊడటానికి సిద్ధంగా ఉన్న వెంట్రుకలు వేళ్లతో లాగితేనే మళ్లీ గరుకువి వస్తాయి."

"సూడు లోకనాథ్! కోడికి పీకినట్టు పీకుతాదంట!"

లోకనాథ్ గారు నన్ను పక్కకు పిలిచారు. "పాత కస్టమరు. మిషన్ పడతావా, గిరిసోల ఎల్లిపోతావా?"

అయినా నేను ఢిల్లీశ్వరరావు గారి దగ్గరికే వెళ్లాను. చెప్పాను: "వీపు మీద అరచేయంత చోటివ్వండి. ఎనిమిది వారాలు చూడండి. గరుకు రాకపోతే నేనే మానేస్తాను."

"అరచెయ్యే కదా, కానీ," అన్నారు ఢిల్లీశ్వరరావు గారు.

లాగబోతే వేళ్లు జారిపోయాయి. ఒక్క వెంట్రుకా రాలేదు. రేపు మళ్లీ తీసుకురమ్మని బతిమాలాను.

మా అమ్మ పుణ్యవతి చేపలు తోమేటప్పుడు పట్టు జారకుండా వేళ్లకు పొయ్యి బూడిద రాసుకుంటుంది. మర్నాడు ఇంటి నుంచి రైల్లో డబ్బాడు జల్లించిన బూడిద తెచ్చాను. వేళ్లకు అద్దుకుని, నాలుగేసి వెంట్రుకలు, మొలిచిన దిక్కుకే లాగాను. శేరూ ఆవలించి నిద్రపోయింది.

ఎనిమిదో వారం ఇద్దరి ముందూ శేరూ వీపు మీద చెంబుడు నీళ్లు పోశాను. దూదిబొచ్చు తడిసి చర్మానికి అతుక్కుంది. అరచేయంత చోట మాత్రం నీళ్లు జారిపోయాయి.

ఢిల్లీశ్వరరావు గారు అక్కడ వేలితో రుద్దారు. మళ్లీ రుద్దారు.

"కొబ్బరిపీచులా ఉందయ్యా! మిగతాది ఎప్పుడు పీకుతావమ్మా?"

"నాలుగు పూటలు పడుతుంది బాబుగారూ."

లోకనాథ్ గారు మిషన్ వైరు చుట్టి అరలో పెట్టేశారు.

"డబ్బాడు బూడిద సాలదేమో," అన్నారు. "మీ అమ్మకి ఫోన్ సెయ్యి."