మూడు నెలల సగటు

మెట్ల మీద పెట్టిన కూజా మధ్యాహ్నానికే ఖాళీ అయిపోతోంది. పై వాటాలో ఉండేది ఒక్కడే. ఒక్క మనిషి అన్ని నీళ్లు ఎలా తాగుతున్నాడా అని రెబెక్కమ్మకు అనుమానం వచ్చింది. ఎండలనుకుందామంటే, ఆ అబ్బాయి ఈమధ్య చిక్కిపోయి బెల్టుకి మేకుతో కొత్త బెజ్జం కూడా పొడుచుకున్నాడు.

అతనిది ఆఫ్రికాలో మలావి. పేరు కోండ్వాని. లూథరన్ చర్చిలో పరిచయమై, రాజమండ్రిలో ఆవిడ ఇంట్లో అద్దెకు దిగిన మొదటి వారంలోనే కొండబాబు అయిపోయాడు. నాలుగేళ్లలో తెలుగు బాగానే పట్టుబడింది. ఆఫ్రికా మూలాలున్న వాళ్లలో షుగరూ గుండె జబ్బులూ తరం నుంచి తరానికి ఎలా దిగివస్తాయో, అందులో ఏ జన్యువు పాత్ర ఎంతో వెతకడం యూనివర్సిటీలో అతని పని. రిటైరైన టీచరు రెబెక్కమ్మ, తనకు షుగరుంది కాబట్టి, అతన్ని కూర్చోబెట్టి ఆ సంగతులన్నీ అడుగుతూ ఉండేది.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక రెబెక్కమ్మ, పక్కింటి అచ్చాయమ్మ వరండాలో ఆవకాయకి ముక్కలు తుడుస్తున్నారు. కోండ్వాని ఆత్రేయపురం పూతరేకుల పెట్టె పట్టుకుని దిగాడు. వాళ్లకి చెరొకటి ఇచ్చి, తనూ ఒకటి నోట్లో వేసుకున్నాడు.

"ఓసారి వేలిలా ఇవ్వు బాబూ," అంటూ రెబెక్కమ్మ తన షుగరు మిషన్ తెచ్చింది.

అంకె మూడు వందలు దాటింది. అచ్చాయమ్మ తొంగిచూసి నవ్వింది.

"వేళ్ల నిండా పంచదార పొడే కదండి వదినగారూ. మీరు టెస్టు చేసింది కుర్రాడికి కాదు, పూతరేక్కి."

"నాకు షుగరు లేదండి ఆంటీ," అన్నాడు కోండ్వాని. "పోయిన నెల నీరసంగా ఉందంటే డాక్టరు గారు మూడు నెలల సగటు టెస్టు రాశారు. నార్మలే. కంప్యూటరు ముందు కూర్చోవడం తగ్గించమన్నారు."

మూడు నెలల సగటంటే రెబెక్కమ్మకు భయమూ గౌరవమూ రెండూ ఉన్నాయి. టెస్టు ముందు వారమంతా తీపి మానేసి వెళ్లినా అది ఆవిడను ప్రతిసారీ పట్టేసేది. అలాంటిది నార్మల్ అన్నాక ఇంకేముంది? అయినా కూజా మాటేమిటి?

మర్నాడు పొద్దున్నే అతన్ని ఏమీ తినకుండా కిందికి రమ్మంది. దగ్గరుండి సబ్బుతో చేతులు కడిగించి, వేలు గుచ్చింది. రెండు వందల ఇరవై.

"మీ మిషన్‌కి వయసైపోయిందండి," అంది ఆవకాయలో తన వాటా తీసుకెళ్లడానికి వచ్చిన అచ్చాయమ్మ.

"అయితే నీ వేలివ్వు."

"మధ్యలో నేనేం చేశానండి?"

గొణుగుతూనే వేలు చాపింది. తొంభై ఆరు. రెబెక్కమ్మ తన వేలూ గుచ్చుకుంది. రోజూ వచ్చేదే వచ్చింది.

"మిషన్ బాగానే ఉంది," అందావిడ. "మరి అబద్ధం చెప్పేదెవరు కొండబాబూ, నీ రిపోర్టా?"

అతను మిషన్ అందుకుని, తన అంకె వెనక్కి తెచ్చి చూస్తూ మెట్ల మీద కూర్చున్నాడు.

"రిపోర్టు అబద్ధం చెప్పలేదండి," అన్నాడు. "రక్తంలో షుగరు ఎర్ర కణాలకి అంటుకుంటుంది. ఎంత అంటుకుందో చూసి సగటు కడతారు. కణం మూడు నాలుగు నెలలు బతుకుతుందనే లెక్క మీద. మా వాళ్లలో కొంతమందికి ఒక జన్యువులో తేడా ఉంటుంది. ఒకప్పుడు మలేరియా నుంచి కాపాడింది అదే అంటారు. అదున్న మగవాళ్లకి కణాలు తొందరగా పోయి కొత్తవి వస్తుంటాయి. వాటికి షుగరు పట్టే టైమే ఉండదు. సగటు తక్కువ చూపిస్తుంది."

రెబెక్కమ్మ మూలనున్న జాడీ వైపు చూసింది.

"నిన్న కలిపిన ఆవకాయలో ముక్క కొరికి, ఉప్పు చాల్లేదన్నట్టు. ముక్క ఊరలేదు గానీ, ఉప్పు జాడీలో ఉన్నంతా ఉంది."

"అంతేనండి."

"ఇదంతా నీకు ముందే తెలుసా?"

"దీని మీద ఒక చాప్టరు రాశానండి."

"మరి రిపోర్టు చేతికొచ్చినప్పుడు గుర్తు రాలేదా నాయనా?" అంది అచ్చాయమ్మ.

"నేను రాసింది వేల మంది గురించండి. వాళ్లలో నేనూ ఒకణ్ణి కావచ్చని అనుకోలేదు." వేలి మీది రక్తపు చుక్కను తుడుచుకున్నాడు. "ఆ తేడా నాకుందో లేదో టెస్టు చేస్తే గానీ తెలీదు."

"ఎవరి వైపు నుంచి వస్తుందది?"

"మగపిల్లాడికైతే అమ్మ వైపు నుంచేనండి. అమ్మ ఒంట్లో పెద్దగా ఏమీ కనబడకపోవచ్చు. కొడుకుల్లో బయటపడుతుంది."

"మేనమామ పోలికన్నమాట," అంది రెబెక్కమ్మ. "ఉన్నాడా మీ మేనమామ?"

"ఉన్నారండి. మా ఇళ్లలో అమ్మ వైపు మామే పెద్దదిక్కు. నన్ను చదివించింది ఆయనే."

"ఒంట్లో బాగుంటుందా?"

కోండ్వాని మిషన్ పక్కన పెట్టాడు.

"కాలి మీద పుండండి. మానడం లేదు. షుగరేమో చూపించుకోమని నేనే చెప్పాను. చూపించుకున్నారు."

"ఏ టెస్టు?"

"మూడు నెలల సగటు. నార్మల్ అని వచ్చింది. ఇంకేం భయం లేదని ఫోన్లో నేనే ధైర్యం చెప్పాను."

అచ్చాయమ్మ చేతిలోని గరిటె జాడీ అంచున ఆగిపోయింది.

"ఫోన్ చెయ్యి," అంది రెబెక్కమ్మ.

"అక్కడింకా తెల్లారలేదండి."

"మంచిదేగా. లేపు. పరగడుపున ఉంటాడు."

ఫోను చాలాసేపు మోగింది. నిద్రమత్తులో ఉన్న పెద్దాయన గొంతు వినబడగానే కోండ్వాని లేచి నిలబడ్డాడు. ఆ భాష రెబెక్కమ్మకు ఒక్క ముక్క తెలియదు. షుగరు అనే మాట మాత్రం ఆ గొంతులోనూ, ఈ గొంతులోనూ పదేపదే వినబడుతోంది. మొదట పెద్దాయన నవ్వాడు. తర్వాత నవ్వు ఆగింది. కోండ్వాని ఇదివరకటికంటే మెల్లగా మాట్లాడుతున్నాడు.

చేత్తో ఫోను మూసి ఇటు తిరిగాడు.

"తెల్లారగానే ల్యాబుకి వెళ్తానంటున్నారండి. టీ తాగి వెళ్లొచ్చా అంటున్నారు."

"చుక్క కూడా వద్దను. నువ్వు కూడా ఏం తినకు," అని రెబెక్కమ్మ లేచి చెప్పుల కోసం చూసింది. "ల్యాబు ఇప్పుడే తీస్తారు. నేనూ వస్తాను పద. ఈసారి టెస్టేమిటో నాకు చెప్పి మరీ చేయించుకో."