లైబ్రరీ కప్పుకి పెళ్ళి కార్డు

"కమిటీవాళ్ళు ఒప్పుకున్నారు!" అని హెడ్‌మిస్ట్రెస్ మేడమ్ లైబ్రరీ గుమ్మంలోంచి కేక పెట్టేసరికి నేను కారుతున్న కప్పు కింద బకెట్ సర్దుతున్నాను.

"వచ్చే శనివారం మన మైదానంలోనే సంత. పిల్లల దుకాణాలు, ఆటలు, టిక్కెట్లు. వచ్చిందంతా ఈ గది కప్పుకే," అంది మేడమ్ ఆయాసపడుతూ.

బకెట్ చుట్టూ చిన్న గంతు వేశాను. పెళ్ళయి ఇంకా నెల కాలేదు. ఈమధ్య దేనికైనా గంతు వేయాలనిపిస్తోంది.

"పూర్తిగా విను. జనం రాకపోతే సోమవారం నుంచి ఈ గదిలో విరిగిన బెంచీలు పడేస్తారట. పుస్తకాలు అట్టపెట్టెల్లోకి, నువ్వు ఆఫీసులో రసీదులు రాయడానికి."

గంతు సగంలో ఆగింది.

"ప్రచారం నీదే. కొత్త పెళ్ళికూతురివి, నీ ముఖం చూసి కాదనేవాళ్ళెవరు?"

నిజమే, కాదన్నవాళ్ళెవరూ లేరు. విన్నవాళ్ళూ లేరు.

ఆ సాయంత్రమే తల్లిదండ్రుల ఫోన్ గ్రూపులో పెట్టాను: "శనివారం జరుగు సంతకు తల్లిదండ్రులందరూ తప్పక హాజరు కావలెను." మొదటి జవాబు, ఎవరిదో నీలం రంగు నీళ్ళ సీసా మావాడి సంచీలో వచ్చింది అని. ఇక పడుకునేదాకా ఆ సీసా గొడవే. అది మాది కాదు, మాదానికి మూత లేదు, మూత మా ఇంట్లో ఉంది. మధ్యలో ఒక తండ్రి గులాబీ బొమ్మ వేసి శుభోదయం చెప్పాడు, రాత్రి భోజనాల వేళ.

మర్నాడు పిల్లలకి చెప్పాను.

"ఆ రోజు సెలవా టీచర్?"

"శనివారం ఎలాగూ సెలవే కదర్రా!"

"మరి సెలవు రోజు బడికెందుకు టీచర్?"

ఇంట్లో చూపించమని ఇచ్చిన కాగితాలు మధ్యాహ్నానికల్లా రాకెట్లయ్యాయి. ఒకటి కప్పులో ఉన్న కన్నంలోంచి దూరి సరిగ్గా నా బల్లమీద వాలింది.

గేటు దగ్గర నిలబడితే ఇంకా ఘోరం. నేను సంత అంటే వాళ్ళు అత్తగారు అంటారు. "సంత సంగతి సరేగానీ, అత్తగారు బాగా చూసుకుంటోందా? కాస్త ఒళ్ళు చేశావు, మంచిదే. దూరంగా ఎక్కడో పెళ్ళి చేసేసుకుని చక్కా వచ్చావు, మాకు విందెప్పుడమ్మా?" బుగ్గ గిల్లి పిల్లని తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. తల ప్రాణం తోకకి వచ్చింది.

సాయంత్రం మావారు స్కూటర్ మీద వచ్చారు. ఆయనకి బజారు చివర చిన్న ప్రెస్ ఉంది. బొటనవేలికి ఎప్పుడూ సిరా మరక. ఆ సిరా వాసన నాకిప్పుడు ఏ అత్తరు కన్నా ఇష్టం. ఆయన వెనక కూర్చుని దారి పొడుగునా మొత్తుకున్నాను.

"కాగితాలు అచ్చు వేయడం నా పని. నాకు వదిలెయ్," అన్నారు. భుజమ్మీద తల వాల్చేశాను. ఇలాంటి మనిషి దొరకడం ఎంత అదృష్టం!

మర్నాడు అచ్చయినవి కవర్లలో పెట్టి, అంటించి, కట్టలు కట్టి పంపించారు. అప్పుడు నేను తడిసి ఉబ్బిన పుస్తకాల మధ్య ఉన్నాను. విప్పి చూడకుండానే పిల్లలకి ఇచ్చేశాను. "కవరు మీద మీ ఇంట్లోవాళ్ళ పేర్లు చక్కగా రాసి ఇవ్వండి."

తెల్లారి గేటు దగ్గర అద్భుతం!

"కార్డు అందిందమ్మా, తప్పకుండా వస్తాం!"

"మా చెల్లెల్ని కూడా తీసుకురానా?"

"తీసుకురండి, అందరినీ తీసుకురండి!" నా కాళ్ళు నేలమీద ఆనడం లేదు. ప్రెస్‌కి ఫోన్ చేసి, "మీ చేతిలో ఏదో మంత్రం ఉందండీ," అన్నాను. ఆయన గొప్పగా "ఊ" అన్నారు.

మధ్యాహ్నం రెండో తరగతి పాప వాళ్ళ బామ్మగారు లైబ్రరీకి వచ్చింది.

"అమ్మాయ్, నీకు కుక్కర్ ఉందా, కొనమంటావా?"

"కుక్కరెందుకు బామ్మగారూ?"

"రిసెప్షన్‌కి ఉత్త చేతుల్తో వస్తామా? ఇంతకీ భోజనాలు ఎన్నింటికి?"

ఆవిడ చేతిలో కార్డు చూశాను. గులాబీ రంగు అట్ట, బంగారు అంచు, నడుమ మెడలు కలుపుకున్న రెండు హంసలు. అచ్చం మా పెళ్ళి కార్డు. లైబ్రరీ కప్పు మాట హంసల కాళ్ళ కింద చీమలంత అక్షరాల్లో ఉంది.

"ఇది చదవలేదా బామ్మగారూ?"

"పెళ్ళి కార్డులో తేదీ, చోటూ తప్ప చదవడానికేముంటుందే?"

అక్కడే నిలబడి ప్రెస్‌కి ఫోన్ చేశాను. "హంసలేమిటండీ! కప్పు కారుతోందని చెప్పడానికి హంసలా?"

"నీళ్ళున్నచోట హంసలుండవూ?"

"నవ్వించకండి, ఒళ్ళు మండిపోతోంది."

"మన పెళ్ళికి వేసినవాటిలో బోలెడు అట్ట మిగిలిపోయింది. మంచి అట్ట, ఊరికే పాడవుతోందని..."

"ఊళ్ళోవాళ్ళంతా నాకు కుక్కర్లు కొంటున్నారు!"

"మంచిదేగా. మనదానికి విజిల్ సరిగ్గా రావడం లేదు." ఆయన గొంతు తగ్గింది. "పోనీ ఎవరికీ చెప్పకు. రానీ. వచ్చాక టిక్కెట్లు కొనరా?"

"విందుకని పిల్లాపాపల్తో వచ్చినవాళ్ళకి టిక్కెట్లు అమ్మితే మోసం చేశామనరూ? బెంచీలు మోసుకొచ్చేవాళ్ళకి వాళ్ళే తలుపు తీస్తారు."

చెబితే రారు. చెప్పకపోతే వచ్చి తిట్టిపోతారు. ఎటు చూసినా నా గదిలోకి బెంచీలే. ఫోన్ పెట్టేసి నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడ్డాను.

బామ్మగారు కూడా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "అయితే భోజనం లేదన్నమాట."

"లేదు బామ్మగారూ. సంత. ఈ కప్పు కోసం."

ఆవిడ పైకి చూసింది. బకెట్ చూసింది. కవరు తిప్పి, వంకరటింకర అక్షరాల్లో ఉన్న తన పేరు మీద వేలు పెట్టింది.

"నా కొడుకు ఇక్కడే చదివాడు. ఇప్పుడు మనవరాలు. ఇన్నేళ్ళలో ఈ బడి నన్ను రమ్మందే గానీ ఎప్పుడూ పిలవలేదు. రమ్మన్నప్పుడల్లా వాడేదో పగలగొట్టాడనో, ఎవరినో కొట్టాడనో. నా పేరు రాసి ఇలా పిలిచింది ఇదే మొదలు. పిలిచాక రాకుండా ఎలా ఉంటానే? అన్నం ఇంట్లోనే తిని వస్తా."

"హాజరు కావలెను" అని గ్రూపులో కొట్టింది నేనే మరి.

"కానీ అందరికీ ముందే చెప్పెయ్ తల్లీ. కొత్త చెప్పులేసుకొచ్చి ఆ మైదానం బురదలో దిగామంటే నిన్నెవరూ క్షమించరు," అంటూ లేచింది.

ఆవిడ గేటు దాటకముందే మళ్ళీ ప్రెస్‌కి ఫోన్ చేశాను.

"రేపు పొద్దున ప్రెస్ తెరవకండి. గంట కొట్టకముందే ఇద్దరం గేటు దగ్గర ఉండాలి. వచ్చినవాళ్ళని వచ్చినట్టు చెయ్యి పట్టుకుని చెప్పాలి. రిసెప్షన్ కాదు, భోజనాల్లేవు, కప్పు కారుతోంది, అయినా మీరు రావాలని పిలుస్తున్నాం అని."

"ఇద్దరం ఎందుకు? నువ్వు చెబితే చాలదూ?"

"చెప్పడం నేనే చెబుతాను. తిట్లు తినడానికి మీరు ముందు నిలబడండి."