మబ్బుకు స్విచ్చు

ఆ రోజు మార్చి పద్నాలుగు. పొద్దున ఉడికించిన గుడ్డు, నిన్నటి రొట్టె తిన్నాను. గుడ్డు పెంకు ఒక్క ముక్కగా ఊడివచ్చింది. మా ఆవిడ పోయాక వంటింట్లో నాకు దక్కిన విజయాల్లో అదే పెద్దది.

విజయాల మాట ఎత్తడానికి కారణముంది. ఆ సాయంత్రమే మా వేధశాల ఆవరణలో ‘ఖగోళ శాస్త్రానికి మహోపకారాలు’ అనే గోడకు ప్రారంభోత్సవం. గాజు గొట్టాన్ని మొదట ఆకాశం వైపు తిప్పినవారు, కదిలేది భూమేనన్నవారు, నక్షత్రాల దూరం కొలిచినవారు వరసగా పటాల్లో ఉన్నారు. చివరి పటంలో మా డైరెక్టరు గారు.

గ్రంథాలయం నాది కనుక పటాల కింద రాతలూ నావే. డైరెక్టరు గారి మహోపకారం కోసం ఫైళ్ళన్నీ తిరగేశాను. గోడకు ఫ్లడ్‌లైట్లు వేయించారని తేలింది. అమ్మింది ఆయన బావమరిది. ‘ఖగోళ శాస్త్రాన్ని వెలుగులోకి తెచ్చినవారు’ అని రాశాను. ఆయన చదివి, కళ్ళు తుడుచుకున్నారు.

ఆ లైట్లు సరిగ్గా మా మరదలి గుమ్మటం కింద ఉన్నాయి; అవి వెలిగితే పైన చుక్కలు కనబడవు. మరదలంటే మా ఆవిడ చెల్లెలు. పెద్ద దూరదర్శిని ఆమె చేతిలోనే ఉంటుంది. ఆమె కనిపెట్టుకుని ఉన్న నక్షత్రమొకటి పంతొమ్మిదేళ్ళకోసారి మసకబారుతుంది. కిందటిసారి వాన. ఈసారి గోడ. మసక వీడేది ఆ రాత్రితోనే. మళ్ళీ వచ్చేసరికి ఆమె రిటైరై ఎన్నేళ్ళో అవుతుంది.

“లైట్లు ఆర్పించమని అడగకపోయావా?” అన్నాను.

“అడిగాను బావా. నక్షత్రాన్ని వచ్చే వారానికి వాయిదా వెయ్యమన్నారు.”

మా దగ్గర ఓ అలవాటుంది. పొద్దుగూకితే లోపల చిన్న ఎర్ర బల్బులు తప్ప ఏమీ వెలగవు. ఒకరినొకరు గుద్దుకోకుండా మూల మలుపు దగ్గర దగ్గుతాం. డైరెక్టరు గారు ఏనాడూ చీకటిపడే దాకా ఉండలేదు కనుక ఆయనకు ఆ దగ్గు పట్టుబడలేదు.

ముఖ్య అతిథి సబ్బుల ఫ్యాక్టరీ యజమాని. రిబ్బను కత్తిరించి, గోడంతా ఓపిగ్గా చదివి, “ఇంతమంది చూశారుగా, మేమూ ఓ చుక్కను చూద్దాం” అన్నారు. అందరం గుమ్మటంలోకి ఎక్కాం. ఆయన కన్ను ఆనించారు.

“ఏదమ్మా చుక్క? సున్నం నీళ్ళలా ఉంది.”

“మబ్బు సార్, మన దురదృష్టం” అన్నారు డైరెక్టరు గారు.

“మబ్బే సార్” అంది మరదలు. “కానీ ఈ మబ్బుకు స్విచ్చుంది. మా బావ కిందికెళ్తే తేలిపోతుంది.”

అతిథి పకపకా నవ్వారు. “వెళ్ళండి మరి!”

డైరెక్టరు గారు నోరు తెరిచేలోగా నేను మెట్లు దిగాను. ఆ పూట మోకాళ్ళు నామీద దయతలిచాయి. లైట్లు ఆర్పగానే గోడమీది మహానుభావులంతా తాము పనిచేసిన చీకట్లోకి వెళ్ళిపోయారు. వాళ్ళతోపాటు డైరెక్టరు గారి పటం కూడా, మొదటిసారిగా.

పైనుంచి “అబ్బో!” అన్న కేక వినబడింది. వెనకే దబదబా అడుగులు. మూల దగ్గర టీ పళ్ళెంతో వస్తున్న వాచ్‌మన్ పద్ధతిగా దగ్గాడు. అవతలివైపు నుంచి జవాబు దగ్గు రాలేదు. కప్పులు పగిలిన చప్పుడు వచ్చింది.

“చూసుకు నడవలేవట్రా?”

“దగ్గాను కదండీ!”

టీ అప్పటికే చల్లారిపోయింది. దేవుడు దయామయుడు.

అతిథి చాలాసేపటికి దిగారు. డైరెక్టరు గారి తడి చెయ్యి పట్టుకుని, “మీ చీకటి బ్రహ్మాండంగా ఉందండీ” అని కారెక్కారు.

కారు మలుపు తిరిగిందో లేదో, డైరెక్టరు గారు నావైపు తిరిగారు. “ఇక లైట్లు వెయ్యవయ్యా. గోడ తెల్లవార్లూ వెలగాలి. వెలగలేదని తెలిసిందో, రేపు గ్రంథాలయానికి కొత్త మనిషి వస్తాడు.” చొక్కా పిండుకుంటూ ఇంటికి వెళ్ళిపోయారు.

స్విచ్చుల గదిలోకి వెళ్ళాను. పైన మరదలు తనలో తాను అంకెలు చదువుకుంటోంది. మా ఆవిడ పోపు గింజలు కొలిచేటప్పుడు గొంతు అచ్చం అలాగే ఉండేది.

స్విచ్చు జోలికి పోలేదు. బయటికొచ్చి, ఆమె లెక్క చెదరకుండా ఆ గది తలుపు మెల్లగా దగ్గరకు లాగి తాళం వేశాను.