అఖ్లాఖ్ పీరియడ్

పొద్దున జొన్నరొట్టె అంచు మాడింది, అంతే. సిలాసు విసిరిన స్టీలు కంచం కెజియా చెవి పక్కనుంచి పోయి గోడకు తగిలింది. ఆదివారం చర్చిలో అందరికంటే మెత్తగా ప్రార్థన చేసే ఆ పెద్దమనిషి పెళ్ళాం జుట్టు పట్టి తలను గట్టుకేసి కొట్టాడు. కెజియా అలవాటుగా కింద కూలబడి వీపు అప్పజెప్పింది. "మొగోడు మీదికొస్తే కింద కూసోవాలె బిడ్డా, మొహమన్న దక్కుతది" అని పెళ్ళైన కొత్తలో అత్త నేర్పిన విద్య అది.

తొమ్మిదేళ్ళ షైనీ "వద్దు డాడీ!" అంటూ అడ్డం వచ్చింది. అతను కాలెత్తగానే బుద్ధిగా నేల మీద కూర్చుంది. తన్ను కనుబొమకు తగిలి రక్తం యూనిఫాం మీదికి కారింది. "ఆ సాయిబుల స్కూల్ల తల్లీబిడ్డలు నేర్చేది గిదేనా?" అని సిలాసు తిట్టుకుంటూ బయటికి పోయాడు.

"ఉరకక ఎందుకు కూసున్నవే?" అని కెజియా రక్తం తుడుస్తూ అడిగింది.

"నువ్వే చెప్పినవ్ గదమ్మా, అఖ్లాఖ్ పీరియడ్ల."

బీదర్‌లో ముస్లింలు నడిపే ఆ స్కూల్లో కెజియా లెక్కల టీచరు. దీన్, అంటే ఇస్లాం ప్రకారం మంచి నడవడి నేర్పే అఖ్లాఖ్ పీరియడ్, పిల్లలూ టీచర్లూ ఆపా (అక్క) అని పిలిచే ఫర్జానా టీచరుది. పోయిన వారం ఆపాకు జ్వరమొస్తే, ఫోన్లో పాఠం అడిగి కెజియాయే చెప్పింది. కోపం వస్తే నిలబడి ఉన్నవాళ్ళు కూర్చోవాలని ప్రవక్త మాట. కెజియా మాత్రం "పెద్దవాళ్ళకు కోపం వస్తే మీరు కింద కూర్చోండి" అని చెప్పి, పిల్లలందరి చేతా చేయించి మరీ చూపించింది.

స్కూల్లో షైనీ గాయానికి దూది అద్దుతూ సంగతంతా విన్న ఆపా చెయ్యి ఆగిపోయింది.

"యా అల్లా! ఆ మాట కొట్టేటోనికమ్మా. గుస్సా అయినోడు కూసోవాలె. దెబ్బలు తినేటోళ్ళను కూసోమని ఎవరన్నా చెప్తరా?"

చెప్పారు, అత్త చెప్పింది. తను నోరు మూసుకుని నేర్చుకుంది, ఇప్పుడు క్లాసులోని ఆడపిల్లలందరికీ నేర్పింది. కాలే పెనం తీసి వాడి మొహాన కొట్టి ఉండాల్సింది అనుకుంది కెజియా. ఆ కోపంలోనే కుర్చీ లాక్కుని కూర్చుంది. కోపం దిగాక ఫోన్ చేసింది.

తర్వాత క్లాసుకు పోయి, "నేను తప్పు చెప్పాను. ఎవరైనా చెయ్యెత్తితే ఉరకండి, అరవండి" అంటుండగానే సిలాసు గుమ్మంలోకి వచ్చాడు, పిడికిళ్ళు బిగించి.

"ఇంటికి నడువ్!"

పెళ్ళైనప్పటి నుంచీ కెజియా అతన్ని పేరు పెట్టి పిలవలేదు.

"కూసో, సిలాసూ. పోలీసులు వస్తున్నరు."